బెడోక్ హాల్లో పుట్టిన పార్టీ

"అమ్మమ్మా, తాతయ్య క్రిస్టియన్ పార్టీ పెట్టారా? నిజంగానా?"

అబ్బ, మెల్లగా అనవే! తలుపు తీసుంది. ఇప్పటికీ ఆ మాట వింటే ముందు తలుపు వైపే చూస్తా నేను.

పెట్టారు. ఈ బెడోక్ పేటలోని ఫ్లాట్‌లోనే, ఈ హాల్లోనే. కంప్యూటర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులు, అందుకే ఊరొదిలి ఈ దేశం వచ్చాం. మీ అమ్మకి ఆరేళ్లు... కాదు కాదు, ఏడు. శనివారం ప్రార్థనకి గుంటూరోళ్లం ఓ పదిమందిమి చేరేవాళ్లం. అప్పుడే ఊళ్లో మా పెదనాన్న పోతే, క్రిస్టియన్లని ఊరోళ్లు పూడ్చడానికి మూరెడు నేల ఇవ్వలేదమ్మా! శవాన్ని పెట్టుకుని పొద్దంతా కూర్చున్నారంట. పది డాలర్ల ఫోన్ కార్డు అయిపోయేదాకా ఏడ్చా. దాని మీదే పుట్టింది పార్టీ. సమాధుల స్థలం కోసం, అంతే.

ఆనక ఏమైందో చూడు. మొదట స్థలం అన్నారు, తర్వాత సీటు అన్నారు, ఆ తర్వాత అక్కడ మన దేశమంతా క్రీస్తు చట్టమే ఉండాలన్నారు. బాప్తిస్మం లేనోళ్లకి పదవి వద్దు, ఓటూ వద్దని మీ తాతయ్యే నియమాలు రాశారు. నేను టీలు అందిస్తా విన్నా. వద్దండీ అనలేదు.

ఆ కాగితాలు ఆఫీసులో ప్రింట్ తీసి, మిషన్ మీదే మర్చిపోయి వచ్చారు ఆ మహానుభావుడు! ఇక్కడి ప్రభుత్వం మతం, రాజకీయం కలిపితే ఊరుకోదు కదా. మనమేమో వాళ్లిచ్చే ఉద్యోగపు అనుమతి, ఆ పాస్ మీద బతికేవాళ్లం. అది పోతే ఇల్లు, మీ అమ్మ బడి, అన్నీ పోయినట్టే. ఆ సాయంత్రం ఎవరం అన్నం ముట్టలేదు. లిఫ్ట్ చప్పుడైతే చాలు, మీ తాతయ్య లేచి నిలబడేవారు.

తీరా తలుపు కొట్టింది మూర్తి. ఆఫీసులో తాతయ్య పక్క సీటతను, విశాఖ వైపు. పూజ చేయందే కాఫీ కూడా తాగడు, అంత నిష్ఠ. కాగితాలు కవర్లో పెట్టి తెచ్చాడు. "ఎవరూ చూడకముందే తీశానండి" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. గబగబా టీ పెట్టా. తాగి, చెప్పులేసుకుంటా అడిగాడు, "అక్కా, చదివాను. మీ రాజ్యంలో నాకు ఓటు లేదటగా?" నవ్వుతానే అడిగాడు.

మీ తాతయ్య కవరు తీసుకుని లోపలికెళ్లిపోయారు. నేను ఖాళీ కప్పు పట్టుకుని వంటింట్లోకెళ్లా.

మర్నాడే ఆయన పార్టీ మానేశారనుకో. మిగతావాళ్లు ఊరికి తీసుకెళ్లి జెండా కట్టారు, పోటీలూ చేశారు. సమాధుల స్థలం ఊసే లేదంట ఇప్పుడు.

మూర్తి ఎక్కడ కనపడినా "బావున్నారా అక్కా" అంటాడు. బావున్నానంటా. తప్పైపోయిందయ్యా అనే మాట మాత్రం ఇన్నేళ్లైనా గొంతు దాటలేదే.

నువ్వు చల్లగా ఉండు తల్లీ. నీ గుమ్మంలో నిలబడి ఎవరూ నిన్ను అట్టా అడిగే రోజు రాకూడదు.