సింగపూరు సింహానికి చిటికెడు కారం

బాబ్జీ దగ్గర మొదట్లో ఉన్నది తొమ్మిది వేల మూడు వందలు. అందులో రెండు వేలు పెట్టి రంగుల కరపత్రాలు అచ్చు వేయించాడు. పద్దెనిమిది వందలకి చక్రాల పెట్టె కొన్నాడు. పెట్టెలో ఏమీ లేదు. అయినా తను పనిచేసే విత్తనాలు, పురుగుమందుల కొట్టుకి కూడా దాన్ని లాక్కుంటూ వెళ్లేవాడు, విమానం దిగి తిన్నగా వస్తున్నవాడిలా కనిపించాలని.

పథకం సులువైనదే. బెజవాడలో ఒక ట్రావెల్ ఏజెంటు, సింగపూరుకి నాలుగు రాత్రులు ఐదు పగళ్ల యాత్రకి పది మందిని కూర్చి ఇస్తే పదకొండో సీటు ఊరికే ఇస్తానన్నాడు. ఇరవై ఆరేళ్ల బాబ్జీకి ఆ పదకొండో సీటు కావాలి. ఈసారి పది మందైతే వచ్చేసారి యాభై మంది, ఆపైన గుంటూరులో సొంత బోర్డు. అడ్డంకి ఒకటే. సింగపూరు మొహం చూడనివాడి మాట విని సింగపూరుకి ఎవరు డబ్బు కడతారు? అందుకని వెళ్లొచ్చానని చెప్పుకున్నాడు. నిజంగా వెళ్లొచ్చింది వాళ్ల కొట్టు యజమాని. అమ్మకాల టార్గెట్ దాటినందుకు కంపెనీ వాళ్లు డీలర్లందరితో పాటు తీసుకెళ్లారు. ఆయన ఫొటోలు బాబ్జీ ఫోనులో ఉన్నాయి. అవి కాక రెండు వందల పన్నెండు వీడియోలు చూశాడు. అక్కడ ఏది ఎన్ని మీటర్ల ఎత్తో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

ఆ పది మంది ఎవరో కూడా తేల్చుకున్నాడు. చిలకలూరిపేట రోడ్డు మీద మిర్చి కోల్డ్ స్టోరేజీ పక్కనున్న షెడ్డులో కాయలకి తొడిమలు తీసే ఎలీసమ్మ ముఠా. ఆ పది మంది ఆడవాళ్లూ ఈ యాత్ర కోసమే మూడేళ్లుగా చీటీ కడుతున్నారు. "మా చెల్లెల్ని తుళ్లూరు ఇచ్చాం. రాజధాని వచ్చి ఆ ఊరు సింగపూరు అవుద్దని పదేళ్ల నుంచి వింటన్నా. అది ఇక్కడికి వచ్చేలోపు మనమే పోయి చూసొద్దాం పదండే" అని ఎలీసమ్మ అందరినీ ఒప్పించింది.

ఇవాళ పేర్లు రాయించుకోవాలి. రాయించుకోకపోతే శనివారానికల్లా ఏజెంటు ఆ సీటు ఇంకెవరికో ఇచ్చేస్తాడు. పదకొండు గంటల టీకి ముఠాకి ఇరవై నిమిషాలే టైము.

షెడ్డుకి ఎదురుగా యలమందయ్య టీ కొట్టు. ఆడవాళ్లు మూతికి కట్టుకున్న గుడ్డలు మెడ మీదకి జార్చుకుని బల్లల మీద సర్దుకుని కూర్చున్నారు. లోడు కోసం ఎదురుచూస్తున్న లారీ డ్రైవరు ఇషాక్ బాబ్జీని చూసి, "ఏరా సింగపూరూ, పెట్టె బరువుగా ఉందా?" అన్నాడు. బాబ్జీ నవ్వేసి పెట్టె మీదే కూర్చున్నాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు ఎలీసమ్మ పిన్నీ. జరిగింది జరిగినట్టు చెప్తా. మొదటిరోజు మధ్యాహ్నం ఆకలేసి వాళ్ల తిండి బజారుకి పోయా. మన ఎగ్జిబిషన్‌లో కొట్లు వరసగా పెట్టినట్టే ఉంటదిలే. ఓ గిన్నెడు నూడుల్స్ తెచ్చి ముందు పెట్టారు, తెల్లగా, చప్పగా, జ్వరమొచ్చినోడి జావలాగా. నేను జేబులోంచి మన కారం పొట్లం తీశా, పావుకిలో, మీరు తొడిమలు తీసిన కాయల కారమే, కాస్త చల్లుకున్నా. పక్క బల్ల దగ్గర పెద్దాయన ఆ వాసనకి తల తిప్పి, నాక్కూడా ఓ చిటికెడు అని సైగ చేశాడు. ఇచ్చా. ఇందులో అబద్ధం ఏవన్నా ఉందా?"

"ఏవుందీ, కారమేగా," అన్నాడు యలమందయ్య.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పెద్దాయన ఒక్క ముద్ద తిన్నాడు, బొటబొటా కన్నీళ్లు కార్చాడు, లేచొచ్చి నన్ను వాటేసుకున్నాడు. ముప్పై ఏళ్ల నుంచి మూసుకుపోయిన ముక్కంట, తెరుచుకుంది! అది చూసి వాళ్లావిడ, ఆవిణ్ణి చూసి ఆ వెనకోళ్లు, వాళ్లని చూసి రోడ్డు మీద పోయేవాళ్లు, పోలీసొచ్చి తాళ్లు కట్టాల్సొచ్చింది బాబాయ్, లెక్కేస్తే పద్నాలుగు వందల మంది క్యూ!"

"ఆగాగు. పావుకిలో పొట్లంతో పద్నాలుగు వందల మందికా?" అన్నాడు ఇషాక్.

లెక్క దగ్గర బాబ్జీని పట్టుకోవడం కష్టం. "చిటికె అంటే గ్రాములో ఎనిమిదో వంతు ఇషాకన్నా. పావుకిలోకి రెండు వేల చిటికెలు. పద్నాలుగు వందలు పోతే ఇంకా ఆరు వందలు మిగల్లా?"

ఇషాక్ వేళ్ల మీద లెక్కపెట్టి, మధ్యలో వదిలేసి టీ తాగాడు.

"ఆ మిగిలిన పొట్లం పట్టుకుని సాయంత్రం సముద్రం ఒడ్డుకి పోయా. అక్కడ ఓ సింహం బొమ్మ. తల సింహం, ఒళ్లు చేప. ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తు, డెబ్బై టన్నులు." ఫోను తీసి ఫొటో చూపించాడు. ముందు నిలబడ్డ యజమానిని బొటనవేలితో కప్పి మరీ చూపించాడు. "నోట్లోంచి నీళ్లొస్తున్నాయి, చూశారా? నేను వెళ్లిన రోజున రావట్లా."

"మరి?"

"ఊరికే నోరు తెరుచుకుని ఉంది. పాపం ఎన్నాళ్లుగా అట్లా ఉందో, ఎవరూ ఏవీ పెట్టినట్టు లేదని నాలిక మీద ఒక చిటికెడు వేశా. ఒక్కటంటే ఒక్క చిటికెడు. మొదటి నిమిషం ఏం లేదు. రెండో నిమిషం కళ్లు ఎర్రబడ్డాయి. మూడో నిమిషం చూడు పిన్నీ, బుస్సుమని నీళ్లు! అప్పుడు మొదలైన ధార ఇప్పటిదాకా ఆగలా. ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చి దాని ముందు ఫొటోలు దిగుతున్నారు. ఆ నీళ్లు ఎందుకొస్తున్నాయో ఒక్కడికీ తెలీదు!"

ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఒకామెకి పొలమారితే పక్కామె నెత్తిన తట్టింది.

"బొమ్మకి కళ్లెర్రబడటం ఏందిరా?" అన్నాడు ఇషాక్.

"గుంటూరు కారమన్నా! బొమ్మా మనిషీ అని చూస్తదా?"

బాబ్జీ ఓరగా ఫోనులో టైము చూసుకున్నాడు. ఇంకా పదకొండు నిమిషాలు. పది మందిలో తొమ్మిది మంది నవ్వుతున్నారు. ఎలీసమ్మ మాత్రం గ్లాసులోకి ఊదుకుంటూ, అంచు మీదుగా తన వైపే చూస్తోంది. ఆమె సరేనంటే పది పేర్లూ పడతాయి. ఆమె కాదంటే ఒక్కటీ పడదు. స్వరం పెంచాడు.

"నీళ్లు ఆగితేనా? పొద్దుగూకేసరికి రోడ్లు మునిగినయ్. తెల్లారేసరికి మేడలు మునగడం మొదలుపెట్టినయ్. ఒడ్డున ఒకే హోటలుకి మూడు భవనాలు, ఒక్కోటి యాభై ఐదు అంతస్తులు. రేవులో ఉన్న పెద్ద పడవ నీళ్లతో పాటు లేచి, పదో అంతస్తు, ముప్పయ్యో అంతస్తు, యాభై ఐదో అంతస్తు దాకా తేలిపోయింది. నీళ్లు తీసేసినా పడవ దిగలా. మూడింటి నెత్తినా అడ్డంగా కూర్చుంది. ఇదిగో చూడండి, మూడు వందల నలభై మీటర్ల పొడుగు. నా మాట అబద్ధమైతే పడవ అంత పైకి ఎట్లా ఎక్కింది?"

యలమందయ్య ఫోను లాక్కుని చూశాడు. నిజంగానే మూడు భవనాల నెత్తిన పడవ ఉంది. "ఓరి నాయనో," అన్నాడు. వెనకాల పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి.

"మరి ఆ నీళ్లు ఎట్టా తీశారు?" అంది ఒకామె.

"అదీ అడగాల్సింది! వాళ్ల పెద్దాఫీసరు తెప్ప మీద నా గది కిటికీ దగ్గరికొచ్చి, అయ్యా, కారం తెచ్చింది నువ్వు, దారి చూపించాల్సిందీ నువ్వే అని దణ్ణం పెట్టాడు. కాగితం తెమ్మన్నా. చక్రం బొమ్మ గీసిచ్చా. నూట అరవై ఐదు మీటర్ల చక్రం, ఇరవై ఎనిమిది బక్కెట్లు. మూడు రోజులు తిప్పితే నీళ్లన్నీ సముద్రంలోకి పోయినయ్. ఇప్పుడు ఆ బక్కెట్లకే అద్దాలు బిగించి, టిక్కెట్టు పెట్టి జనాన్ని ఎక్కిస్తున్నారు. నాకు పైసా ఇవ్వలా. నేనూ అడగలా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇంకా ఉందా?" అన్నాడు ఇషాక్.

"నీళ్లు పోయాక బురద మిగల్దా? ఆ బురదలో నడుస్తుంటే నా ప్యాంటు మడతలోంచి పత్తి గింజలు రాలినయ్. విత్తనాల కొట్లో పనిచేసేవాడి ప్యాంటు గదా. పద్దెనిమిది గింజలు. నాలుగో రోజుకి పద్దెనిమిది ఇనప చెట్లు, యాభై మీటర్ల ఎత్తు దాకా! సాయంత్రం ఏడూ నలభై ఐదు అయ్యేసరికి కాయలు పగిలి ఎర్రగా, నీలంగా, పచ్చగా వెలుగు! జనం కింద పడుకుని చూస్తారు."

"పత్తి అన్నాక గులాబీ పురుగు పట్టలేదా?" అన్నాడు ఇషాక్.

"పట్టిందన్నా. ఇనప పత్తి గదా, పళ్లూడిపోయి పారిపోయింది."

ఈసారి ఇషాక్ కూడా నవ్వేశాడు. ఇదే అదననుకుని బాబ్జీ కరపత్రం తిరగేసి, పెన్సిలు తీసి, ఒకటి నుంచి పది దాకా అంకెలు వేశాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే పేరు చెప్తున్నారు. తొమ్మిది పేర్లు పడ్డాయి. పెన్సిలు పదో అంకె దగ్గర ఆగింది.

"ఒక్క మాట అబ్బాయ్," అంది ఎలీసమ్మ. గ్లాసు కింద పెట్టి రెండు అరచేతులూ చాపింది. వేళ్ల కొసలు ఎర్రగా, నున్నగా, గచ్చులాగా మెరుస్తున్నాయి. "పాతికేళ్లు తొడిమలు తీసిన వేళ్లియ్యి. గీతలు అరిగిపోయినయ్. నెలనెలా రేషను మిషను కూడా నన్ను గుర్తుపట్టదు. ఆ దేశంలో దిగంగానే వేలిముద్రలు అడుగుతారంట గదా. నా వేలు పడకపోతే? వీళ్లందరూ లోపలికి పోయి సింహాన్ని చూస్తంటే నేనొక్కదాన్నే ఆ గుమ్మంలో నిలబడాలా? నువ్వు చూసొచ్చినోడివి. చెప్పు."

మిగతా తొమ్మిది మందీ తమ వేళ్లు చూసుకుంటున్నారు.

బాబ్జీకి తెలీదు. రెండు వందల పన్నెండు వీడియోల్లో ఒక్కదాంట్లోనూ ఆ గుమ్మం లేదు. అక్కడ ఫోను పైకి తీయనివ్వరు. అందరి వీడియోలూ విమానాశ్రయం బయటే మొదలవుతాయి. తెలీదు అంటే పోయేది. కానీ నోరు అప్పటికే మంచి ఊపులో ఉంది.

"వేళ్లా! భలేదానివి పిన్నీ. మీ మొహంలో నవ్వు చూసి పంపించేస్తారు. ఆ రేషను షాపులో తప్ప నా వేలు ఏ దేశంలోనూ ఎవడూ అడగలా."

"ఎక్కడా అడగలా?"

"ఎక్కడా."

"పాస్‌పోర్టు ఆఫీసులో?"

"అక్కడా అంతే. సంతకం పెట్టా, వచ్చేశా."

ఎలీసమ్మ చాపిన చేతులు ఒళ్లోకి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది: "మేం పది మందిమీ పోయిన నెల వెళ్లి పాస్‌పోర్టులకి ఇచ్చొచ్చాం. రెండు చేతులూ, పది వేళ్లూ అద్దం మీద పెట్టించారు. నాకు నలభై నిమిషాలు పట్టింది. ఆ పిల్ల తడిగుడ్డ ఇచ్చి తుడిపించి, నొక్కిపట్టి, నాలుగోసారికి పడేదాకా ఓపిగ్గా కూర్చుంది. ముద్రలు పడందే పాస్‌పోర్టు ఎవరికీ రాదు తల్లీ అంది." బాబ్జీ వైపు తిరిగింది. "నీ వేళ్లు ఎవరూ అడగలేదంటే, నువ్వు పాస్‌పోర్టే తీసుకోలేదురా అబ్బాయ్."

ఇషాక్ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. సింహం నోట్లో కారం పోసినా, యాభై ఐదో అంతస్తుకి పడవ ఎక్కించినా అడ్డు చెప్పనివాళ్లందరూ ఇప్పుడు బాబ్జీని చూస్తున్నారు.

"లేదు పిన్నీ," అన్నాడు బాబ్జీ. "వెళ్లలా. మద్రాసు దాటలా."

"అంటే ఆ పడవ..." అన్నాడు యలమందయ్య దిగులుగా.

"ఊరుకో బాబాయ్, పడవ ఉందిలే," అన్నాడు ఇషాక్.

"మరి మేమొస్తే నీకేంటంట?" అంది ఎలీసమ్మ.

దాచడానికి ఏమీ మిగల్లేదు. "పది మంది అయితే పదకొండో సీటు నాకు ఊరికే ఇస్తారు. ఒక్కసారి చూసొస్తే ఈ పని నేర్చుకుని నేనే చేసుకుంటా. అంతే."

"ఆ ముక్క మొదట్లోనే చెప్తే పోయేదిగా. ముందు ఆ కాగితం ఇటియ్యి."

ఇచ్చాడు. పేర్లు కొట్టేస్తుందనుకుని కళ్లు దించుకున్నాడు. ఎలీసమ్మ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని పది పక్కన తన పేరు కూడబలుక్కుంటూ రాసింది. దాని కింద పదకొండు వేసి 'బాబ్జీ' అని, పక్కనే 'పాస్‌పోర్టు లేదు' అని రాసింది.

"డబ్బులు నీ చేతికివ్వం. మేమే పోయి ఆ ఏజెంటుకి కడతాం, వేళ్ల సంగతి కూడా ఆయన్నే అడుగుతాం. శనివారంలోపు నువ్వు పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టావా సరే, లేదంటే ఆ సీటు మా మేనకోడలికి."

గంట కొట్టారు. ఆడవాళ్లు లేచి గుడ్డలు మళ్లీ ముక్కుకి బిగించుకుంటున్నారు. బాబ్జీ పెట్టెని అక్కడే వదిలేసి ఆమె వెంట పడ్డాడు.

"పిన్నీ, ఫొటో అక్కడే తీస్తారా, మనమే పట్టుకెళ్లాలా?"

ఆ రోజు పొద్దుటి నుంచీ జవాబు తెలీక బాబ్జీ అడిగిన మొదటి ప్రశ్న అది.

"పని ఆపి చెప్పడం నా వల్ల కాదు. వచ్చి పక్కన కూర్చో, వరసగా చెప్తా. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చుంటే మాత్రం చెప్పను." గుమ్మంలో ఆగి అతని వేళ్ల వైపు చూసి నవ్వింది. "భయపడమాక. ఒక్కరోజుకే గీతలు పోవులే. చెప్పులు మాత్రం బయట వదులు, కాయలు తొక్కుతావు."

లోపల షెడ్డు నిండా ఎర్రటి గుట్ట. బాబ్జీ జేబు రుమాలు ముక్కుకి కట్టుకుని, ఒక చేత్తో తలుపు పట్టుకుని, వంగి చెప్పుల పట్టీ విప్పడం మొదలుపెట్టాడు.