బాన్సువాడ పొద్దుటి ఓజోన్

బాన్సువాడలో బోధన్ రోడ్డు మిట్టమధ్యాహ్నపు ఎండకు పెనం లాగా కాలుతోంది. రూప్లా మేడ మీద గదిలో గాలిని కొలిచే యంత్రం ఒకటి ఉంది. దాన్ని చూడటానికి హైదరాబాదు నుంచి చెప్పాపెట్టకుండా దిగిన వరస అల్లుడు, ఓజోన్ మీద పరిశోధన చేస్తున్న వినోద్‌కుమార్ పై మెట్టు మీద ఉన్నాడు, రూప్లా తలుపుకు అడ్డంగా ఉన్నాడు. చదువుకున్నవాణ్ణి ఎండలో నిలబెట్టే యోగం రూప్లాకు జన్మలో మొదటిసారి పట్టింది.

“తాళంచెవి పోయింది అల్లుడా.”

“తలుపుకు తాళమే లేదు గద మామా.”

“లేదు. తాళం పోయినంక చెవి ఉంటదా?”

“జరుగు మామా. మెషీన్ ఒక్కసారి చూసి పోత.”

“మెల్లగ మాట్లాడు.”

“ఎందుకు?”

“లేస్తది.”

“ఏది?”

“మెషీను.”

“మెషీన్ పండుకుంటదా మామా?”

“మరి? పొద్దుందాక గాలి పీల్చి పీల్చి అలసిపోదా? మనిషికి లేని ఏసీ దానికి పెట్టించిన్రు, జర పండుకోనియ్యరా? ఐదో తరగతిల బడి ఇడిసినోణ్ని, నాకే దయ ఉన్నది. గంత సదివిన మీకు లేకపాయె.”

“నా సదువే పోయేటట్టున్నది మామా. నవ్వులాట కాదు.”

“గదేంది?”

“కంప్యూటర్ల ఒక లెక్క కట్టిన. రెండేండ్ల కష్టం. ఎండ ఎంత, గాలి ఎటు, రోడ్డు మీద వడ్ల లారీలు ఎన్ని, గవన్నీ పెడితే బాన్సువాడల ఏ పొద్దుకు ఓజోన్ ఎంతుంటదో చెప్తది.”

“ఓజోన్ అంటె గా ఆకాశంల బొక్క పడ్డదేనా?”

“గదే. పైన ఉంటె గొడుగు, కిందుంటె విషం. బండ్ల పొగ ఎండల ఉడికితే పుడతది. అందుకే మిట్టమధ్యాహ్నం ఎక్కువుంటది, పొద్దుగాల తక్కువ. నా లెక్క గదే చెప్పింది.”

“మంచిగనే చెప్పింది.”

“మీ ఇంట్ల మెషీన్ ఉల్టా చెప్తుంది! పొద్దుగాల ఒక్కతీర్న పైకి లేస్తది, మధ్యాహ్నం సచ్చినట్టు పడుంటది. అంకెలు నా ఫోన్లకే వస్తయని నేను గూడ ఇటు రాలే.”

“మెషీను అబద్ధం చెప్తదా? అది మనిషా?”

“నా పరిశోధన చూసే మా పెద్దసారు గూడ గదే అన్నడు. ‘మెషీనుది ఒప్పు, నీ కంప్యూటర్‌ది తప్పు’ అన్నడు. ఏడ లేని వింత బాన్సువాడల దొరికిందని ఎగురుతుండు. ఇయ్యాల హైదరాబాద్‌ల పెద్ద మీటింగుల చెప్తడట. దానికి పేరు గూడ పెట్టిండు, ‘బాన్సువాడ ఉదయం’ అని.”

“శెబ్బాస్! మన ఊరికి గూడ పేరొచ్చే!”

“ఊరికి పేరొస్తది, నా లెక్క చెత్తబుట్టల పడతది. నేను మల్ల తండాకు పోయి ట్రాక్టర్ తోలుకునుడే.”

“ట్రాక్టర్ తోలితే ఏమైతది? నేను తోల్లేదా? నడుం పోయింది, గంతే.”

“జరుగు మామా, నీ కాళ్లు మొక్కుత.”

“జరుగుత. మొదలు చాయ్ తాగు. సోనాబాయీ! ఓ సోనాబాయీ! అల్లుడొచ్చిండు, చాయ్...”

“ఎందుకు ఒర్లుతున్నవ్? ఇప్పుడే పండుకున్నడు!”

“ఎవరత్తా పండుకున్నది?”

“మీ... మీ మామ.”

“నేను ఈడ నిలబడ్డ గదనే!”

“నిలబడే పండుకుంటవ్ నువ్వు. పెండ్లైనప్పటి సంది సూస్తున్న.”

“అత్తా, లోపల ఏదో ఏడుస్తుంది.”

“మెషీను.”

“మెషీను క్యావ్ క్యావ్‌మని ఏడుస్తదా?”

“నువ్వు రాక శాన దినాలాయె. బెంగ పెట్టుకున్నది.”

“జరుగుండ్రి ఇద్దరు... ఓయమ్మో! ఎవడీ పిల్లగాడు? మెషీనుకు ఆనిచ్చి ఉయ్యాల!”

“మా బిడ్డ నీల కొడుకు. అరిసి లేపితివి గద, ఊపు ఇగ.”

“నాకెందుకు చెప్పలే అత్తా?”

“చెప్తే ఎల్లగొడతవని. కింద ఇంట్ల కుంపటి లెక్క ఉన్నది బిడ్డా. ఒళ్లంత చెమటకాయలు, రాత్రి పగలు ఒకటే ఏడుపు. ఈడ సల్లగున్నది. మెషీను జుయ్‌మని జోల పాడుతది, వీడు పండుకుంటడు.”

“పండుకోనియ్యి, నేనెందుకు ఎల్లగొడత... ఆగాగు. పైపేది?”

“ఏ పైపు?”

“తెల్లది. కిటికీ పక్కన బొక్కలకెల్లి బయటికి పోయి మిద్దె మీద ఉండాలె. దాంతోనే గద బయటి గాలి గుంజుతది!”

“గదా... నేనెరుగ. మీ మామను అడుగు.”

“నేనెందుకెరుగుత? మెషీను పని నాదా?”

“నువ్వే గద గుంజినవ్!”

“గుంజుమన్నదెవరు?”

“మామా!”

“గా బొక్కలకెల్లి వడగాలి సూటిగ పిల్లగాని మొకం మీద కొడుతుండె అల్లుడా. పైపు లోపలికి గుంజి, బొక్కల పాత చీర కుక్కినం. గంతే.”

“లోపలికి గుంజి ఏడ పెట్టిన్రు?”

“ఉయ్యాల తాడుకు కట్టిన. అది గూడ పాపం ఎండల పడి ఉండె. సల్లగాలి పీల్సనియ్యి అనుకున్న.”

“అంటే గిన్ని దినాల సంది మెషీను కొలిచింది బాన్సువాడ గాలి కాదా? మీ మనుమని గాలా?”

“మా మనుమని గాలికేం తక్కువ? వాడు పాలు తప్ప ఇంకోటి ముట్టడు.”

“అందుకే మధ్యాహ్నం సున్నా! తలుపేసిన గదిల ఎండేది, ఓజోనేది! మరి పొద్దుగాల ఎందుకు లేస్తుంది? అత్తా, పొద్దుగాల ఈడ ఏం చేస్తరు?”

“ఏం చేస్తం, నీళ్లు పోస్తం.”

“నీళ్లకు లేవదు. నీళ్లు పోసినంక?”

“పోసినంక సాంబ్రాణి వేస్తం. తల తడి ఆరొద్దా? ఏసీల పిల్లగానికి జలుబు చెయ్యదా?”

“సాంబ్రాణి ఏడ వేస్తరు?”

“ఉయ్యాల కిందనే. నిప్పుల మీద ఇంత పొడి చల్లితే గది గదంత గుమగుమ... అరే, అల్లుడు కింద కూలవడ్డడేంది? ఓ, నీళ్లు తేపో!”

“ఏడుస్తుండానే?”

“కాదు, నవ్వుతుండు. ఎండదెబ్బ తాకింది.”

“నవ్వుతున్న మామా! మెషీను లోపల ఒక వెలుగుంటది. పీల్చిన గాలిని గా వెలుగుల చూస్తది. సాంబ్రాణి పొగ అడ్డమొస్తే ఓజోనే వచ్చిందనుకుంటది! మా సారు వింత... మా సారు ‘ఉదయం’... సాంబ్రాణి!”

“మరి నీ కంప్యూటర్ లెక్క ఒప్పేనా?”

“పైపు బయటపెడితే తెలుస్తది. చీర గుంజు మామా! మిద్దె ఎక్కు! అత్తా, పిల్లగాణ్ని నాకియ్యి, వడగాలి తాకకుండ పట్టుకుంట.”

“తల పట్టుకో. తల, తల!”

“పట్టుకున్న. మామా, కట్టినవా?”

“కట్టిన! అరికాళ్లు కాలిపాయెర నాయినా! దిగుతున్న!”

“జల్ది రా, అంకెలు చదువు. వీడు నా కండ్లద్దాలు గుంజుతుండు, నాకు కనబడతలేదు.”

“సూసినవానే సోనాబాయీ? నా ఐదో తరగతి అక్కరకొచ్చింది. ఎనిమిది.”

“ఇంకా?”

“పద్దెనిమిది... ముప్పై... ఓ, ఉరుకుతుంది! నలభై ఐదు... యాభై ఎనిమిది. ఆగింది.”

“కదుల్తలేదా?”

“లేదు. ఆడనే కూసున్నది. నీ కంప్యూటర్ ఎంత అన్నది?”

“అరవై!”

“రెండు తక్కువాయె.”

“రెండుదేమున్నది మామా! గాలిల రెండు లెక్కనే కాదు! కలిసింది! రెండేండ్ల లెక్క కలిసింది!”

“ఎగరకు! చేతుల పిల్లగాడున్నడు!”

“వాడే ఎగురుతుండు అత్తా, నేను కాదు!”

“నీ ఫోను మోగుతుంది.”

“సారే. ఇంకా మీటింగుల చెప్పకముందే చేసిండు, దేవుడున్నడు! నా చేతులు ఖాళీ లేవు మామా, స్పీకర్ ఒత్తు... సార్! నేనే చేద్దామనుకున్న సార్. మీరు మీటింగుల మాట్లాడకముందు ఒక్క మాట...”

“మాట్లాడేశానయ్యా వినోద్! ‘బాన్సువాడ ఉదయం’ అనగానే అందరూ లేచి నిలబడి చప్పట్లు! ఎక్కడున్నావు?”

“బాన్సువాడల సార్. మెషీన్ కాడనే.”

“భేష్. ఇక్కడ ఒకటే ప్రశ్న. అంత పొద్దున్నే ఓజోన్ పెంచుతున్నది ఎవరు అని. ఫ్యాక్టరీయా, రైసుమిల్లా, లారీలా? నువ్వే చెప్పు.”

“సార్, మీరు ఒక్కరే ఉన్నప్పుడు చెప్త సార్.”

“ఎందుకయ్యా? ఫోను మైకు ముందు పెట్టాను. హాలంతా వింటోంది. ఎవరో దొరికారా, లేదా?”

“చెప్పు అల్లుడా, భయమెందుకు.”

“దొరికిండు సార్. నా ఒళ్లోనే ఉన్నడు. నవ్వుతుండు గని, నా అంగీ అంత తడిపిండు. మీవాళ్లతోటి మాట్లాడిపియ్యమంటరా?”