బెల్లం పెట్టని పాట

రెండువేల తొమ్మిది, ఆగస్టు పదకొండు, మంగళారం, పగటీలి మూడున్నర. ప్రేమ్‌రాజ్ తాత గిటారు ఆఖరుసారి ఎప్పుడు ముట్టిండని అడిగినవు గద బిడ్డా, గప్పుడు. గీ అర్రలనే, నువ్వు కూసున్న కాడ్నే కూసున్నడు. గోడకు ఆనుకోకు, సున్నం అంటుతది, ఇట్ల జరుగు. సజ్జ మీదికెల్లి ఆ గిటారు దించి, తీగలు లేవని మొకం చిన్నగ చేసుకున్నవు. తీగలు ఎలుకలు కొరకలే రశ్మీ. చెప్త. నేను జర తిరిగి తిరిగి వస్త, నాకు సక్కగ చెప్పుడు రాదు. కాలేజిల నువ్వొక్కదానివే గిటారు పట్టుకోని పాడాల్నంట, నవ్వు రావాల్నంట, పాటల జర పొగరు గూడ ఉండాల్నంట, గసువంటియి ఎంత దేవులాడినా దొరుకుతలేవంట. గవే మాటలు మా తమ్ముడు, గదే మీ ప్రేమ్‌రాజ్ తాత, గూడ అన్నడు. చిన్నప్పుడు వాన్ని చంకనేసుకోని తిప్పిన చేతులివి. నాకు యాదికుండకుంటె ఇంకెవరికుంటది.

మా తమ్ముడు నల్లా డిపార్ట్‌మెంట్ల పని చేస్తుండె. గల్లి గల్లి తిరిగి వాల్వు తిప్పి నీళ్ళిడుసుడు, బందు చేసుడు. మా జహనుమ బస్తిల ఎవరింట్ల నీళ్ళు రాకున్నా తిట్లు వానికే. "వచ్చిండమ్మ నవాబు సాబు, తాళంచెయ్యి పట్టుకోని" అని నల్లాకాడి ఆడోళ్ళు మొకం మీదనే అంటుండ్రి. వాడు నవ్వుతుండె. ఆదివారం మాత్రం తెల్లంగి ఏసుకోని చర్చిల గిటారు వాయిస్తుండె. వాడు తీగ మీటితె నాకైతె ప్రార్థన దానంతలదే వస్తుండె. కాని వాని మనసు ఇంకో దిక్కుండె. "అక్కా, చర్చిల పాడితే అందరు కండ్లు మూసుకుంటరు. కండ్లు తెరిచి నా దిక్కు చూసెటోళ్ళ ముందట పాడాలె నేను. నవ్వి నవ్వి కడుపు పట్టుకోవాలె. ఎవనికి భయపడకుంట పాడాలె. డోలకొద్దు, హార్మోనియం వద్దు, నేనొక్కన్ని, ఇదొక్కటి" అంటుండె. సినిమా పాటలు పట్టి చూసిండు. "ఆ పాటలకు ఎనక యాభై మంది వాయిస్తరక్కా. నేనొక్కన్ని వాయిస్తే జ్వరమొచ్చి లేసినోని లెక్క బక్కగయితున్నయి" అన్నడు. ముషాయిరాలకు పోయిండు, నవ్వు షాయిరీ చెప్పెటోళ్ళ కాడ కూసోని వచ్చిండు. "మస్తున్నయి అక్కా, కాని ఆ నవ్వు వాళ్ళది, నాది కాదు" అన్నడు. ఎన్ని దినాలు తిరిగిండో. అన్నం ముందట పెడితె పళ్ళెం మీద వేళ్ళతోని తాళం కొట్టుకుంట ఏదో ఆలోచన.

మా ఎనక గల్లిల ఆగమ్మ అని ఉండె. పండ్లు లేని ముసలవ్వ. ఎవరి పెండ్లయినా పిలిపించుకుంటుండ్రి, హిందువులని లేదు, మనోళ్ళని లేదు. ఎందుకంటే వియ్యంకుల మీద ఎకసెక్కెం పాటలు పాడాలంటే ఆమెనే. వియ్యపురాలిని ఎదురుంగ పీటేసి కూసోవెడ్తుండె, ఇగ ఆమె ముక్కు మీద పాట, ఆమె కోక మీద పాట, ఆమె నాలుగు ముద్దలెక్కువ తిన్నదని పాట. డోలు లేదు, ఏం లేదు, ఒక్క గొంతు. ఓ పెండ్లిల అది ఇని మా తమ్ముడు తినె ఇస్తారి ఇడిసిపెట్టి లేసొచ్చిండు. "అక్కా, దొరికినయి! వాయించెటోళ్ళు లేకున్న నిలబడే పాటలు దొరికినయి" అని. తెల్లారి పోయి ఆమె కాళ్ళకాడ కూసున్నడు. ఆమె ఏమన్నదో తెల్సా? "ఏమ్ర పొడుగోడా, మొగపోరనివి, ఆడోళ్ళ పాటలు నీకెందుకు? నీకు నీళ్ళిడుసుడే సక్కగ రాదు." వీడు కదలలే. "అయితె ముందు నీ మీద నువ్వు కట్టుకోని రా పో. నిన్ను నువ్వు అనుకోలేనోనివి బస్తిల ఇంకెవర్నంటవు" అన్నది. వారం దినాలకు కట్టుకోని పోయిండు. నాకింకా యాదికున్నది.

నల్లా ఇప్పెటోనికి నా బిడ్డనిస్తి
నీళ్ళకని బిందెవెడ్తె గాలి పోసిచ్చె
తానానికి నీళ్ళురా అల్లుడా అంటె
ఐతారం రాపో అత్తా అని తాళమేసె

చూడు, నువ్వు నవ్వినవు. అవ్వ గూడ గట్లనే నవ్వింది, పొరబోయి దగ్గింది. ఇగ నేర్పింది. నేర్పేటప్పుడే రెండు మాటలు చెప్పిందంట, మా తమ్ముడు ఇంటికొచ్చి దేవుని వాక్యం చెప్పినట్టు చెప్పిండు. ఎవర్ని అంటున్నవో ఆ మనిషి ఎదురుంగ కూసోవాలె. చాటుకు పాడితే అది పాట కాదు, చాడీ. ఇంకోటి, పాటైనంక ఆ మనిషి లేసి నీ నోట్ల బెల్లం పెట్టాలె. బెల్లం పడితే అన్న మాట ఆడికి తెగినట్టు. పడకుంటె ఆ మాట నీ నోట్లనే ఉంటది. నేను అవ్వను తర్వాత అడిగిన, ఇదేం ఆచారం పెద్దవ్వా అని. "ఆచారమో పాచారమో, మా అమ్మ నోట్ల పెట్టంగ చూసిన, గంతే" అన్నది. చర్చి అయ్యగారు గూడ ఒకసారి మా తమ్మున్ని పిలిచి, "ప్రేమ్‌రాజ్, నవ్వు దేవుడిచ్చిందే, కాకపోతె ఆ పాటలు ఈ గోడ బయట పాడుకో నాయనా" అన్నడు, మంచిగనే అన్నడు.

ఇగ రెండువేల తొమ్మిది ఎండకాలం, మీ అమ్మ పెండ్లి. అప్పటికి ఆగమ్మ లేదు, పోయి మస్తు దినాలైంది. మా బేబీకి పసుపు పెట్టే దినం, టెంటు కింద అందరున్నరు. మీ తాత రాజన్న, నువ్వు చూడలే గద, ముందుగాలనే పోయిండు. సిటీ బస్సు డ్రైవరు. మెల్లగ తోలుతడని పేరు. పిల్లలు రోడ్డు దాటుతుంటే, మేకలు దాటుతుంటే, బస్సు ఆపుకోని చూసుకుంట కూసుంటుండె. ఎనకకెల్లి ఎన్ని హారన్లు కొట్టినా ఆయనకు ఫికర్ లేదు. అన్నేండ్ల సర్వీసుల ఒక్క కోడిపిల్లకు తాకియ్యలే. ఆ దినం తనే కుర్సి గుంజుకోని మా తమ్ముని ముందట ఏసుకున్నడు. "ఏయ్ బామ్మర్దీ, నా బిడ్డ పెండ్లిల తిట్లన్ని నాకే దక్కాలె, పాడు" అన్నడు. మా తమ్ముడు గిటారు ఒళ్ళ పెట్టుకోని, నా దిక్కు చూసి కన్ను గీటి, ఎత్తుకున్నడు.

జహనుమల ఎక్కింది పడుచుపిల్ల, రాజన్న బావో
చార్మినార్ల దిగింది ముసలవ్వ, రాజన్న బావో
ఎనకకెల్లి చీమొచ్చి హారను గొట్టె, రాజన్న బావో
సైడిచ్చి సలాం గొట్టె మా రాజన్న బావో

టెంటంత ఊగిపోయింది. మీ తాత అందరికంటె ఎక్కువ నవ్విండు, తువ్వాలతోని కండ్లు ఒత్తుకున్నడు. "ఇంకోసారి, ఇంకోసారి" అని తనే పాడించిండు. అయినంక లేసి, బేగంబజార్‌కెల్లి తెచ్చిన బెల్లం, గింత పెద్ద ముక్క వాని నోట్ల కుక్కిండు. మా తమ్ముని దవడ ఉబ్బింది, మాట రాదు, బావను కాగలించుకున్నడు. నా బతుకుల గంత సంతోషం నేను మళ్ళ చూడలే బిడ్డా. అబద్ధం చెప్తలేను.

గప్పుడు కొత్తగ కెమెర ఫోన్లు వచ్చినయి. ఎవరో పిలగాడు ఆ పాట పట్టిండు. పగతోని పట్టలే, మంచిగుందనే పట్టిండు. కాని పాట అయిపోంగనే ఫోన్ల జాగ నిండి బందైందంట. ఆ ముక్క ఈ ఫోన్ల నుంచి ఆ ఫోన్లకు, ఆ ఫోన్ల నుంచి బస్సు డిపోలకు పోయింది. దాంట్ల మీ తాత నవ్వుడు లేదు. లేసి బెల్లం పెట్టుడు లేదు. ఒట్టి పాట, జనం నవ్వుడు, గంతే. పదిహేను దినాలల్ల మీ తాత పేరు చీమ రాజన్న అయింది. డిపోల కండక్టర్లు అన్నరు, బస్టాపుల కాలేజి పోరగాండ్లు అన్నరు, ఫుట్‌బోర్డు మీద ఏలాడుకుంట "రాజన్న బావో" అని చప్పట్లు కొడ్తుండ్రి. వాళ్ళెవరు ఈయనకు ఎర్క లేదు, ఈయన వాళ్ళకు ఎర్క లేదు. ఎవరు బావ, ఎవరు బామ్మర్ది? ఇంటికొచ్చి నాతోని "పోనీ రాహేలూ, పోరగాండ్లు" అంటుండె. ఒక్క పొద్దు మాత్రం అంగి గుండీలు పెట్టుకుంట పెట్టుకుంట ఆగి, "నేను బెల్లం పెట్టింది దాంట్ల ఎందుకు లేదే?" అని అడిగిండు.

జులైల వాన పడ్డ పొద్దు. బస్సు నిండ పోరగాండ్లు, అదే పాట, సీట్ల మీద కొట్టుకుంట. ఆ దినం మీ తాత బ్రేకు మీద కాలు పెట్టలే. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దిగేకాడ మున్నా అని అరటిపండ్ల బండాయన. మీ తాతకు దినాం సలాం కొట్టెటోడు, ఒకటి రెండు పండ్లు కిటికీలకెల్లి ఇచ్చెటోడు. బస్సు గుద్దితె బండి నుగ్గునుగ్గు అయింది, ఆయన కుడి కాలు మోకాలి కిందికి తీసేసిన్రు. దవాఖానకు మీ తాత పోయి మంచం పక్కన నిలబడితె ఆ మున్నా తిట్టలే, ఏడ్వలే. "చాచా, ఆప్ తో ఆహిస్తా చలాతే థే నా" అన్నడంట. నువ్వు మెల్లగ తోలెటోనివి గద చాచా అని. గంతే. తిట్టినా బాగుండు. మీ తాత ఆడికెల్లి వచ్చినంక మళ్ళ స్టీరింగు పట్టలే. డ్యూటీకి రాను అని రాసిచ్చిండు. ఇంట్ల కుర్సిల కూసోని గల్లి దిక్కు చూసుడే పని. నేను దినాం మోకాళ్ళ మీద అడుగుత, ప్రభువా, గా పాటల తప్పేమున్నది, గా నవ్వుల పాపమేమున్నది అని. ఇయ్యాల్టి దాంక అడుగుతున్న.

మా తమ్ముడు రాలే. ఇంటికి రాలే, నల్లాకాడ నన్ను చూసినా తల వంచుకోని పోతుండె. ఆ మంగళారం వచ్చిండు. గడ్డం పెరిగింది, గిటారు సంచిల ఉన్నది. దర్వాజల నిలబడి, "బావా, ఎదురుంగ పాడాలె, గా మాట ఇంకో తీరుగ తెగదు" అన్నడు. నాకు సమజైంది, మళ్ళ పాడి మళ్ళ బెల్లం తినాలని వచ్చిండు. లోపటికి పోయి పళ్ళెంల బెల్లం పెట్టుకొచ్చిన. మీ తాత అడగకుంటనే కుర్సి తిప్పి ముందట కూసున్నడు. "పాడ్రా ప్రేమా. నేను ఈడనే ఉన్న" అన్నడు. వాడు తీగ మీటిండు. జహనుమల, అన్నడు. ఆగిండు. మళ్ళ మీటిండు. జహనుమల ఎక్కింది, అన్నడు, గొంతు రాలే. అంత పెద్ద గొంతు, టెంటు లేపిన గొంతు. నేను లోపటనే ప్రార్థన చేస్తున్న, తండ్రీ, నాలుగు ముక్కలే గద, పాడియ్యి అని. రాలే. అప్పుడు మీ తాతనే లేసిండు. బెల్లం ముక్క పట్టుకోని వాని నోటికాడికి తెచ్చిండు. "పాటొద్దు ఏమొద్దు, తిను" అన్నడు. మా తమ్ముడు మొకం పక్కకు తిప్పుకున్నడు. "పాడకుంట తినొద్దు బావా. అవ్వ చెప్పింది" అన్నడు. మీ తాత ఆ ముక్క మళ్ళ పళ్ళెంల పెట్టిండు. వాడు కూసోని ఒక్కొక్క తీగ ఇప్పిండు, కిర్రుకిర్రుమని, చుట్ట చుట్టి జేబుల పెట్టుకున్నడు. గిటారు గోడకు ఆనిచ్చి, "పోయొస్త అక్కా" అని పోయిండు. మళ్ళ ఈ గడప తొక్కలే. క్రిస్మస్ ముందట పోయిండు, గుండె ఆగింది. మట్టి ఏసినం. ఎవ్వరు పాడలే, అయ్యగారి పాట తప్ప.

పాటలన్నీ నాకొచ్చు బిడ్డా. అవ్వయి, వానియి, అన్నీ. నువ్వు రాసుకుంటానంటె ఇప్పుడే చెప్త, నాతోనే పోతె ఎవరికేం లాభం. కాని నువ్వు ఎవర్ని ఎదురుంగ కూసోవెడ్తవు? కాలేజిల వంద ఫోన్లు నీ దిక్కు పట్టుకోని ఉంటయి. గా ఫోను లేసొచ్చి నీ నోట్ల బెల్లం పెడ్తదా? కోపం కాదే, అడుగుతున్న. నాకు నిజంగ తెల్వక అడుగుతున్న.

ఏంది? ఆ బెల్లమా? తెల్లారి ఏం చేసినం అంటవా? ఏం చేస్తం. నేను పొద్దుగాల ఐదింటికి లేసి ప్రార్థన చేసుకున్న, చాయ్ పెట్టిన. పళ్ళెం ఆడనే ఉన్నది, రాత్రి తీయాలంటె ఎవ్వరికి మనసు రాలే. దర్వాజ సందుకెల్లి చీమలు లైను కట్టినయి, మీ తాత కుర్సి కిందికెల్లి పళ్ళెం దాంక. చీపురు తెచ్చిన. "ఉండనీ" అన్నడు. లేసి, కుర్సి రెండు చేతులతోని లేపి, మెల్లగ పక్కకు జరిపి, వాటికి తొవ్వ ఇచ్చిండు. ఇగ చాయ్ తాగినం.