ఒక్క చుక్క పడిందా?

టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు కోతల బావ. అది మూడో గ్లాసు. ఎదురుగా ఆయన కింది వాటాలో ఉండే టైలరు, పక్కన సంచీతో ప్లంబరు. "పైన ఓసారి చూడనియ్యి బావా" అని టైలరే వెంటబెట్టుకొచ్చాడు. ఆ సంచీ కనబడ్డ దగ్గర్నుంచీ బావకి ఒళ్లు మండిపోతోంది. ప్రాణం పోయినా సరే, తన గుమ్మం ప్లంబరు తొక్కకూడదు.

"కమోడ్ కింద సీల్ పోతే ప్లంబర్ని పిలవడానికి నేనేమన్నా చేతుల్లేనోణ్ణా? నేలలో గొట్టం ఉంటుందా, దాని మూతి చుట్టూ రబ్బరు అరిగి కారింది, అంతేగా! లారీ ట్యూబు ముక్క గుండ్రంగా కోశాను, కమోడ్ ఎత్తాను, కింద పెట్టాను."

"ఒక్కడివే ఎత్తావా?" అన్నాడు టైలరు.

"ఒంటిచేత్తో. రెండో చేత్తో పళ్లు తోముకుంటున్నాను. మధ్యలో మాట్లాడకు. ఎత్తానో లేదో, గొట్టంలోంచి బుస్సుమని నీళ్లు! మా ఆవిడ గొడుగేసుకొచ్చింది. నేను జంకుతానా? మడమ పెట్టి అదిమాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బిల్డింగు లేచింది!"

టీకొట్టు అక్క గరిటె ఆపేసింది. "లేచిందా?"

"జానెడు!"

"మరి మాకు తెలీలేదేం?" అన్నాడు టైలరు.

"కింద నువ్వు నిద్రపోతున్నావని మెల్లగా దించాను. ఇలాంటివి ఎవడు గుర్తుపెట్టుకుంటాడులే! అది వదిలెయ్, అసలు సంగతి విను. ఇటు నేను తొక్కుతుంటే అటు వీధి కాలవ వెనక్కి తన్నింది, కాలవతో పాటు ఏరు వెనక్కి తన్నింది. డ్యాము మీంచి ఇంజినీర్లు ఫోను! 'బాబ్బాబూ, తమరి మడమ కాస్త తియ్యండి, చేపలన్నీ కొండెక్కేస్తున్నాయి' అని. తియ్యను పొమ్మన్నా! సముద్రమే వచ్చి గుమ్మంలో నిలబడి బతిమాలినా, సీల్ కుదురుకునేదాకా తీసేది లేదన్నా! ఏం, ఆ రోజు నుంచి ఒక్క చుక్క నీ నెత్తిన పడిందా? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పు."

"పడలేదు," ఒప్పుకున్నాడు టైలరు.

బావ మీసం దువ్వాడు.

"ఎలా పడుతుంది బావా? నువ్వు సీలేసిన దగ్గర్నుంచీ మీ ఇంటిల్లిపాదీ మా బాత్రూమ్‌కే వస్తున్నారుగా! మీ అత్తగారైతే సబ్బుపెట్టె కూడా మా గూట్లోనే సర్దేసుకుంది. మా ఇంట్లో మేమే వరసలో నిలబడుతున్నాం!"

కొట్టంతా గొల్లుమంది. బావ చెక్కు చెదరలేదు.

"మరి? అంత పని చేసిన సీలుకి విశ్రాంతి ఇవ్వొద్దూ?" అంటూ లేచాడు. మూడు గ్లాసుల టీ లోపల తన పని తాను చేసుకుపోతోంది. "అది తర్వాత మాట్లాడదాం గానీ, అలా మీ ఇంటిదాకా వెళ్లొస్తా."

టైలరు జేబులోంచి తాళంచెవి తీసి వేలికి తిప్పాడు. "ఇవాళ్టి నుంచి బాత్రూమ్‌కి తాళం. ప్లంబరు మీ గుమ్మం దాటాకే ఇది నీ చేతికొస్తుంది."

బావ తాళంచెవి వంక చూశాడు. సంచీ వంక చూశాడు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. ఆనక రొమ్ము విరుచుకుని ప్లంబరు భుజం తట్టాడు.

"పదవయ్యా! నా పని చూసి నేర్చుకునే అదృష్టం ఇంతవరకూ ఎవడికీ ఇవ్వలేదు. నీకిస్తున్నా. కాస్త తొందరగా నడు!"