రెండో అద్దం దగ్గర కార్డు

పెప్టైడ్లనే ప్రొటీన్ తునకల్ని విరగ్గొట్టి, వాటి లోపలి అమరిక తెలుసుకునే ల్యాబ్ అది. లేజర్ గది తలుపు మీది ఎర్రదీపం ఆరిపోయింది. జూనియర్ రక్షణ కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని, సీనియర్ బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, పొద్దుట్నించీ లేజర్ కొడుతున్నా ఒక్క పెప్టైడూ ముక్కలవలేదు."

"అయ్యో! నిన్న సార్ ముందు అంత చక్కగా తెగిందిగా. ఆయన మురిసిపోయి ఊరందరికీ చూపించారు."

"నా మీద కోపమా అక్కా?"

"కోపం కాదు, కుళ్లు. ఆరేళ్లుగా గ్యాస్ అణువులతో గుద్దించి గుద్దించి పెప్టైడ్లు విరగ్గొడుతున్నా. ఎవరైనా ఇటు తొంగిచూశారా?"

"ఆ కాంతి కంటికి కనపడదు కదా, దారి పొడుగునా తెల్లకాగితం పెట్టి వెతికాను. రెండో అద్దం దాకానే మెరిసింది. అక్కడ ఈ విజిటింగ్ కార్డు అడ్డంగా ఉంది. దీని మీద మీ పేరుంది."

"సార్‌కి చెప్పావా?"

"లేదు. కావాలనే పెట్టారా?"

"ఒట్టు, కాదే. పొద్దున్నే ఎవరూ రాకముందే వచ్చి, గ్యాస్‌కి లొంగని నా మొండి పెప్టైడ్‌ని నీ లేజర్‌తో కొట్టి చూశా. పనయ్యాక కాంతి ముందుకు పోకుండా కార్డు అడ్డం పెట్టాను, తీయడం మర్చిపోయా."

"మరి తెగిందా?"

"తెగింది. ఆరేళ్లు నేను బతిమాలినా నోరు విప్పనిది, నీ లేజర్ ముందు గడగడా అంతా చెప్పేసిందే!"