ఉప్పు, బూడిద: కాశయ్య సారు చెప్పిన పాఠం

1923 జూన్ పదిహేనవ తేదీన రావిర్యాల ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిన శ్రీ కాశయ్య గారు, అనంతరం మహేశ్వరంలోనూ, చివరి పన్నెండేళ్లు మన ఇబ్రహీంపట్నం బడిలోనూ విద్యాదానం చేసి, ఈ 1951 జూన్ మాసంలో పదవీ విరమణ చేస్తున్నారు. నిజాం కాలంలో పాఠం ఉర్దూలో చదివి, అర్థం తెలుగులో విప్పి చెప్పిన ఆ కంఠం రేపటినుంచి వినబడదన్న తలంపే తోటి ఉపాధ్యాయులమైన మా గుండెలను పిండుతున్నది.

సామాన్య శాస్త్రమంటే వారికి ప్రాణం. ఏటా వేసవి ముందు ఉప్పును నీట కరిగించి పళ్లెంలో ఎండకు పెట్టేవారు. నీరు ఆవిరై ఉప్పు తిరిగి తేలితే అది భౌతిక మార్పు. పిమ్మట కాగితం కాల్చి, ఈ బూడిద ఇక కాగితం కానేరదు, ఇది రసాయనిక మార్పు అనేవారు. అబ్బో, పిల్లలకు ఆ రోజు పండుగే!

నిజాం పాలనపై సంఘం సాయుధ పోరాటం సాగిన రోజుల్లో వారి ఏకైక పుత్రుడు హన్మంతు దళంలో చేరి అడవికి వెళ్లాడు. పోలీసు చర్య ముగిసింది, జెండాలు మారాయి, అతడు మాత్రం రాలేదు. అదే దళంలో పనిచేసి, నిరుడు జైలునుంచి విడుదలైన సోమయ్య బడికి వచ్చి, హన్మంతు తూటాకు బలయ్యాడని, తోటివారే అడవిలో దహనం చేశారని సారు చెవిలో చెప్పి పోయాడు. సారు ఆ మాటను కడుపులోనే దాచుకున్నారు. ఇంట్లో ధర్మపత్ని రుక్కమ్మ గారు రోజూ కొడుక్కి కంచం పెడుతూనే ఉన్నారు; ఆ కంచం పక్కన ఆయనకు ముద్ద దిగేది కాదు. ఆ ఏడు ప్రయోగంలో కాగితం కాల్చడానికి చేతులు రాక, నోటిమాటతో సరిపెట్టారు.

ఈ ఏడాది ప్రయోగంనాడు సారు ఉప్పు మరిచిపోతే రుక్కమ్మ గారే తెచ్చి, వరండాలో కూర్చున్నారు. పిల్లలు వెళ్లాక, పళ్లెంలో తేలిన ఉప్పును వేలితో తాకగానే ఆమె ముఖం విప్పారింది.

"మన పిల్లగాడు గూడ గిట్లనే కండ్లకు కనవడకుంట ఏడనో ఉన్నడు. అవ్ గద?"

 సారు అగ్గిపుల్ల గీసి, కాగితం అంటించి, ఆ బూడిదను ఆమె ముందుంచారు.

"ఉప్పు గాదు రుక్కమ్మా. పిల్లగాడు గిట్లయిండు. సోమయ్య చెప్పి పోయిండు. నాకే నోరు రాలే."

ఆ తల్లి ఏడ్చిన ఏడుపుకు పక్క గదిలోని మేమందరం లేచి నిలబడ్డాం. ఆ రాత్రి ఆ ఇంట రెండే కంచాలు పెట్టారు.

ఈ సభకు ఆహ్వానించడానికి వెళ్లిన మాతో రుక్కమ్మ గారు అన్నారు: "ఒక తల్లె ఖాళీగున్నది. అప్పుడప్పుడు జర వచ్చి తినిపోండ్రి."

తప్పక వస్తాం, తల్లీ. ఆ కంచంలో మాకు వడ్డించే ఓపికతో, పక్కన కూర్చొని తినే ఆకలితో, మీ దంపతులిద్దరూ నిండు ఆరోగ్యంతో చిరకాలం ఉండాలని చేతులు జోడించి కోరుకుంటున్నాం.