కోటలో చిక్కిన నక్క

తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకున్న రోజులవి. కొడకండ్ల బడిలో పుస్తకాల బీరువా ముందే సారును నిలదీశాడు సైకిళ్లు బాగుచేసే చాచా. చదువురాని కళ్లనిండా అనుమానమే.

"పిల్లలతోని ఇంటికి పుస్తకాలు పంపుతున్నరు. ఏంది సార్ గిది?"

"చదువుడు అలవాటు కావాలని, చాచా."

"మరి పైన పేపర్ ఎందుకు చుట్టిండ్రు? పోలీసోళ్లకు కనబడొద్దనా?"

"చినగొద్దని అట్టలేసినం. మీ బిడ్డ కహ్కషాన్ బడి పుస్తకాలకు లేవా?"

చాచా తల గోక్కున్నాడు. ఆ అట్టలు ఏటా వేసేది తనే.

"గది సరే. నక్క కోటల చిక్కిందని మా అమ్మకు బిడ్డ చదివి చెప్తుంటే విన్న. నక్కంటే ఎవరు? కోటంటే ఏ ఊరు? నిజం చెప్పుండ్రి."

"నక్కంటే నక్కనే, చాచా. చిన్నపిల్లల కథ అది. ఏది, పుస్తకం తెచ్చిండ్రా?"

చాచా బీరువా వైపు చూశాడు.

"నిన్ననే పొయ్యిల పెట్టిన."

సారు రిజిస్టరు తీసి ఆ పుస్తకం పేరు కొట్టేశాడు.

"అమ్మ, బిడ్డ ఇద్దరు నాతోని మాట్లాడుతలేరు సార్. రాత్రి నాకు సుత నిద్ర పట్టలే. ఆ నక్క కోటలకెళ్లి ఎట్ల బయటపడ్డదో జర చెప్పుండ్రి."